కవరు మీద తేదీ

ఆమె పాపను భుజాన వేసుకుని రికార్డింగ్ గదికి వచ్చి, అమ్మ పియానో వాయించిన పాత జాజ్ రికార్డును ఇంజనీరు బాబాయి ముందు పెట్టింది. అమ్మ పోయి ఏడాది అవుతోంది.

“బాబాయ్, కవరు మీదున్న ఈ తేదీకి నేనింకా పుట్టలేదు. అమ్మకి ఇదే ఆఖరి రికార్డు. అంటే నావల్లే పియానో మానేసిందన్నమాట.”

“ఎవరు నూరిపోశారే నీకిది?”

“ఒకరు చెప్పాలా? కనబడుతూనే ఉందిగా.”

“పిచ్చిమొహమా! కవర్లు ముందే అచ్చయిపోయాయి. సరిగ్గా ఆ రోజే మీ అమ్మకి నొప్పులొచ్చి, తెల్లారేసరికి నువ్వు నెల ముందే ఊడిపడ్డావు. వాయిదా పడి, రికార్డు చేసింది నీకు మూడో నెలలో. బేసు వాయిద్యం పెట్టెలో దుప్పటి పరిచి నిన్ను పడుకోబెట్టాం.”

“డ్రమ్స్ మోతకి లేవలేదా నేను?”

“ఎక్కడి మోత? డ్రమ్స్ వాడి చేతిలో కర్రలు లాక్కుని తీగల బ్రష్షులు పెట్టింది మీ అమ్మ. ఆ మెత్తదనాన్నే లోకమంతా మెచ్చుకుంది.”

“మూడో పాటలో అమ్మ ఒక్క క్షణం ఆగుతుందే?”

“నువ్వు కదిలావు. మళ్లీ తీద్దామంటే ఒప్పుకుంటేనా!”

ఆమె నవ్వబోయి కళ్లు తుడుచుకుంది.

“మరెందుకు మానేసింది?”

“నీకు నాలుగేళ్లొచ్చేదాకా కచేరీలు చేసిందమ్మా. తర్వాత వేళ్లు బిగుసుకుపోయాయి. ఆ కలం ఇటివ్వు, తేదీ దిద్దుతాను. పియానో, బేసు, డ్రమ్స్... వాయించినవాళ్ల పేర్ల కింద నీ పేరూ రాస్తాను. ఏం చేశావని రాయను?”

“నిద్రపోయిందని రాయి బాబాయ్.”