నడుము వంగే బండి

నా వయసు యాభై ఏడు. నా పేరు పైన రాసే ఉంది, కానీ మా వీధిలో ఆ పేరుతో పిలిచేవాళ్లు లేరు. అందరికీ నేను షెడ్డక్కను. మా సొంత షెడ్డులో ఇనుము చెక్కే లేత్ మిషన్ మీద పని చేస్తాను. చనిపోయిన మనిషి నా భర్త. పోలీసులు పట్టుకెళ్లిన మనిషి నా అల్లుడు. నన్ను ఎవరూ బెదిరించలేదు, ఎవరూ నేర్పి పంపలేదు. ఈ సంగతి స్టేషనులో చెప్పాను, ఆసుపత్రిలో చెప్పాను, ఇప్పుడు మేజిస్ట్రేటు గారూ, మీ ముందు చెబుతున్నాను. ఇంకెక్కడా చెప్పే ఓపిక నాకు లేదు.

ముందు బండి గురించి చెప్పాలి. మేం కట్టేది దారి లేని చోట తిరిగే బండి. రాళ్లలో, బురదలో పోతుంది. దాని ముందు సగం వేరు, వెనక సగం వేరు. రెంటినీ మధ్యలో లావుపాటి పిన్నుతో కలుపుతాం. మామూలు బండికి ముందు చక్రాలు పక్కకు తిరుగుతాయి. దీనికి నడుమే వంగుతుంది. స్టీరింగు తిప్పితే గొట్టాల్లో ఆయిలు పోయి బండిని ఒక పక్కకు వంచుతుంది. ఎడమకు వంగితే ఎడమ పక్క సందు మూసుకుంటుంది, కుడి పక్క సందు తెరుచుకుంటుంది. అందుకే ఆ సందులో మనిషి దూరే ముందు నడుము వంగకుండా రెండు సగాల మధ్య ఇనుప కడ్డీ అడ్డంగా బిగించాలి.

ఇన్నేళ్లలో మేం కట్టినవి ఐదే. అన్నీ చేత్తో చేసినవి కాబట్టి ఒకదాని కడ్డీ ఇంకోదానికి పట్టదు. మూడు అమ్ముడుపోయాయి. మొదటిది ఇనుము మోసుకోవడానికి మా దగ్గరే ఉంచుకున్నాం. ఐదోదాని నడుములోనే నలిగి ఆయన పోయాడు.

ఆ మొదటి బండికి ఆయన గొట్టాలు తారుమారుగా బిగించాడు. స్టీరింగు ఎడమకు తిప్పితే బండి కుడికి పోతుంది. సరిచేయమని నేను పోరాను. "మనం తప్ప దాన్ని ఎవరు తోలతారే? దొంగ వచ్చినా గేటు దాటలేడు, గోడకు గుద్దుకుంటాడు" అని నవ్వాడు. నేను అలాగే నేర్చుకున్నాను. మా అమ్మాయిని చేసుకుని షెడ్డులో చేరాక అల్లుడూ దానిమీదే నేర్చుకున్నాడు. కారు తోలేటప్పుడు మాకు ఏ తికమకా రాదు. ఇలాంటి బండి సీటులో కూర్చుంటేనే చేతులు తిరగబడతాయి. అమ్మిన బండ్లకు గొట్టాలు సరిగ్గానే ఉండేవి, వాటిని మాలో ఆయన తప్ప ఎవరూ తోలలేదు. ఐదోదానికీ గొట్టాలు సరిగ్గానే ఉన్నాయి, కానీ ఈసారి ఆయనకు మోకాలి నొప్పి, అల్లుడు ఎక్కాడు.

ముందురోజు బుధవారం ఆయనకూ అల్లుడికీ గొడవ జరిగిందని మా మరిది ఫిర్యాదులో రాయించాడు. జరిగింది. నేను పక్కనే ఉన్నాను.

"కడ్డీ చెయ్యకుండా ట్రయలేంటి మావయ్యా? మీతో నాకు చావొచ్చిపడింది!" అన్నాడు అల్లుడు.

"పిన్ను సరిగ్గా కూర్చుందో లేదో చూశాక కడ్డీ కొలత తీస్తాలే. నాకు నేర్పకు" అన్నాడు ఆయన.

ఆయన ప్రాణం కోసం వేసుకున్న గొడవ అది. చావొచ్చిపడింది అనే మాట మా ఇంట్లో అందరం అంటాం. బోల్టు జారినా అంటాం, పాలు పొంగినా అంటాం. ఆ మాటకు అరెస్టు చేయాలంటే ముందు నన్నే చేయాలి.

గురువారం ఉదయం కొత్త బండిని షెడ్డు వెనక రాళ్ల మీదికి ఎక్కించారు. అల్లుడు సీటులో ఉన్నాడు. ఆయన పక్కన నడుస్తున్నాడు. నేను టీ గ్లాసుతో గుమ్మంలో ఉన్నాను. నడుము దగ్గర కిర్రుమంది. ఆ పిన్ను నేను లేత్ మీద తీసిందే. ఆయన చెయ్యెత్తి బండి ఆపించాడు, ఇంజను మాత్రం ఆపనివ్వలేదు. ఎడమ సందులో దూరి పిన్ను మీద అరచెయ్యి పెట్టాడు. అప్పుడు వెనక చక్రం కింద రాయి జారింది. వెనక సగం కాస్త వాలి ఆయన తుంటిని పట్టేసింది. ఆయన గొంతులో నొప్పి కంటే చిరాకే ఎక్కువ.

"తిప్పు అల్లుడూ, సందు తెరువు!" అన్నాడు.

సందు తెరవాలంటే ఈ బండిలో కుడికి తిప్పాలి. పాత బండిలో ఎడమకు. అల్లుడు ఎడమకు తిప్పాడు. ఆయన అరిచాడు. అరిచేసరికి అల్లుడు ఇంకా గట్టిగా తిప్పాడు, అదీ ఎడమకే. నేను గ్లాసు పారేసి పరిగెత్తాను. నేనూ తిప్పు, తిప్పు అనే అరిచాను. ఎటు తిప్పాలో చెప్పలేదు. ఆసుపత్రి దాకా అల్లుడు "తిప్పాను కదా మావయ్యా, తిప్పాను కదా" అంటూనే ఉన్నాడు.

మా అమ్మాయి మొగుడి పేరెత్తడం మానేసింది. నిన్న పొద్దున అడిగింది.

"అమ్మా, నిజం చెప్పు. కావాలనే చేశాడా?"

"కాదే."

"నాన్న అరుస్తుంటే కూడా అటే తిప్పాడట కదా?"

ఆ అనుమానం నాకూ ఒకసారి వచ్చి పోయింది. అది దాస్తే మీ ముందు అబద్ధం చెప్పినట్టే.

నిన్న సాయంత్రం ఇన్‌స్పెక్టరు గారు షెడ్డుకు వచ్చారు. ఎడమ సందులో ఒక చెక్క దుంగ నిలబెట్టించారు. "గొట్టాల కథ బాగానే ఉందమ్మా. మీరూ పాత బండే తోలారు కదా, ఎక్కి దీన్ని విడిపించండి" అన్నారు. అల్లుణ్ణి కాపాడాలని కావాలనే తప్పు తిప్పానని ఎవరైనా అనవచ్చు. అనుకోనివ్వండి. నేను సరిగ్గా తిప్పాలనే ఎక్కాను. ఆ రోజు సీటులో నేనుంటే ఆయన బతికేవాడని నాకు తెలియాలి. కుడికి, కుడికి అని లోపల అనుకుంటూనే కూర్చున్నాను. ఇంజను మోగింది. ఇన్‌స్పెక్టరు గారు ఉన్నట్టుండి "తిప్పండి!" అని అరిచారు.

నా చేతులు ఎడమకు పోయాయి. దుంగ పటపటమంది. అయ్యో అని విడిపించబోయాను, మళ్లీ ఎడమకే తిప్పాను. దుంగ రెండు ముక్కలైంది.

అమ్మాయి చూస్తూనే ఉంది. వచ్చి నా వేళ్లు ఒక్కొక్కటే స్టీరింగు మీంచి విడదీసింది. ఇవాళ మొగుడికి ఉతికిన బట్టలు సంచిలో పెట్టుకుని నాతో వచ్చింది, బయట బెంచీ మీద ఉంది. అయ్యా, అవి జైల్లో తొడుక్కోవడానికా, ఇంటికి తొడుక్కుని రావడానికా అని నన్ను అడిగింది. మిమ్మల్ని అడిగి చెబుతానన్నాను.

నేను చెప్పింది చెప్పినట్టే రాశారు, నాకు చదివి వినిపించారు. ఇందులో నేను కలిపిందీ లేదు, మింగిందీ లేదు. నా ఎడమ బొటనవేలి ముద్ర వేస్తున్నాను.

(వేలిముద్ర)