ఇంటికెళ్తానంటున్నారు

ఇంగ్లండులోని షెఫీల్డ్‌లో ఒక ఆసుపత్రి. పుష్పలీల భర్త చలపతి నెల రోజులుగా ఊపిరి మెషీన్ మాస్కుతోనే బతుకుతున్నాడు. డాక్టరు చూసి వెళ్లాక, తెలుగు నర్సు హెప్సి ఉండబట్టలేక పుష్పలీల వెనకే వార్డు బయటికి వచ్చింది.

“అంకుల్ అలా అనలేదు ఆంటీ.”

“ఎలా అనలేదు?”

“ఇంటికెళ్తానని. మీరు డాక్టరుకి ఇంగ్లీషులో అదే చెప్పారు. ఆయన తెలుగులో అన్నది ‘ఇక చాలు, ఈ మాస్కు తీసెయ్యమను’ అని. నేను పక్కనే ఉన్నాగా.”

“నువ్వు డ్రిప్పు మారుస్తున్నావు.”

“చెవులు ఖాళీగానే ఉన్నాయి ఆంటీ.”

“మాస్కులోంచి ఏం వినపడుతుందమ్మా... టీ తాగావా పొద్దున్నుంచి?”

“ఆంటీ.”

“తీసేస్తే ఎన్నాళ్లు?”

“గంటలు. మహా అయితే ఒకటి రెండు రోజులు. ఆయాసం తెలియకుండా మందిస్తారు.”

“అంటే చంపెయ్యడమే. ఇక్కడి పార్లమెంటులో బిల్లు పెట్టి వాదించుకునేది దీని గురించే కదా?”

“కాదు. అది చనిపోవడానికే మందివ్వడం. ఇది ఆయన వద్దన్న మెషీన్ తీసెయ్యడం. వద్దనే హక్కు ఆయనకి ఇప్పుడూ ఉంది.”

“మీ చర్చిలో ఒప్పుకుంటారా?”

“ఆ బిల్లు వద్దని చర్చిలో నేనూ సంతకం పెట్టాను.”

“మరి?”

“మరేం లేదు. పెట్టిన రోజు చాలా తేలిగ్గా అనిపించింది. ఈ వార్డులో అంత తేలిగ్గా లేదు.”

“ముప్పై ఏళ్లు ఇంగ్లీషు పాఠం చెప్పాను హెప్సీ. ఇక్కడికొచ్చాక జీపీ డాక్టరు దగ్గరా, కౌన్సిల్ ఆఫీసు దగ్గరా, బస్సులో కూడా ఆయనకి నేనే నోరు. ఈ ఒక్క వాక్యం...”

“అందుకే ఇంటర్‌ప్రెటర్‌ని పిలిపిస్తాం. మధ్యాహ్నం రెండింటికి డాక్టరు మళ్లీ వస్తారు. నేను విన్నది చెప్పక తప్పదు ఆంటీ. మీరు బయటే కూర్చోవచ్చు.”

“నేను అబద్ధమాడాననుకుంటున్నావు.”

“భయపడ్డారనుకుంటున్నాను.”

“ఖాళీ డ్రిప్పు సంచి పడెయ్యడానికి నువ్వు అటు వెళ్లావు చూడు. డాక్టరు నా మొహం వంకే చూస్తున్నాడు. అప్పుడు మా ఆయన ఇంకో మాట అన్నారు.”

“ఏమని?”

“‘ఆ మాట నీ నోటితో అనిపించనులే పుష్పా, ఇంటికెళ్తానంటున్నానని చెప్పెయ్’ అని.”