ముక్కు నాకితేనే మింగినట్టు

నా పదవీ విరమణ సభకు అధ్యక్షులైన పెద్ద డాక్టరు గారికి, వేదిక మీది పెద్దలకు, ఇన్నేళ్ళూ నాతోపాటు పిల్లి గీరిన చేతులతోనే అన్నం తిన్న మిత్రులకు, మొదటి వరసలో కూర్చుని "తొందరగా ముగించండి" అని కళ్ళతోనే చెప్తున్న మా ఆవిడకు, ఈ బల్ల మీద సరిగ్గా నా ప్రసంగం కాగితాల పైనే పడుకున్న మన పశువుల ఆసుపత్రి పిల్లి మహారాణి గారికి నమస్కారం. ఆవిడ లేచేలా లేదు కాబట్టి నోటికొచ్చిందే మాట్లాడతాను. (నవ్వులు)

పెద్ద డాక్టరు గారు ఇందాక నావి గుండెలు నిలబెట్టిన చేతులన్నారు. అయ్యా, నేను సెలవు అడిగిన రోజుల్లో ఇందులో సగం మాట అని ఉన్నా నా బీపీ అప్పుడే దిగేది. కుక్కకో పిల్లికో గుండె జబ్బుందని మిషను చెప్తుంది, మందు ఎవరో తయారుచేస్తారు. ఆ గోరంత మాత్రను రోజూ దాని కడుపులోకి పంపడమే కొండంత పని. నేను చేసిందల్లా అదే.

గుండె వాచిన కుక్కను తెచ్చే లెక్కల మాస్టారు గుర్తున్నారా? దాని ఊపిరితిత్తుల్లో నీరు చేరితే నీటి మాత్ర రాశాను. అది వేస్తే కుక్క మాటిమాటికీ ఒంటేలుకు వెళ్ళాలి. ఆయన ఇల్లేమో నాలుగో అంతస్తు, లిఫ్టుకు మూడ్ వస్తేనే కదులుతుంది. కొన్నాళ్ళకు వచ్చి, "డాక్టరు గారూ, దాని ఆయాసం పోయి నాకు పట్టుకుంది. ఇద్దరికీ కలిపి ఒకే మందు రాయండి" అన్నారు.

ఇక మన బీపీ గది. డాక్టరు మొహం చూస్తే చాలు పిల్లికి బీపీ పెరుగుతుంది. అందుకే తెల్లకోటు విప్పేసి, ఫోను బయట పెట్టి, నేల మీద చతికిలబడి, అది తనంతట తాను దగ్గరికొచ్చేదాకా నోరు మెదపకూడదని, ఆ తర్వాతే తోకకు బీపీ పట్టీ చుట్టాలని నేనే ఆచారం పెట్టాను. కొత్తలో పెద్ద డాక్టరు గారు తలుపు తీసి, నేను కళ్ళు తిరిగి పడిపోయాననుకుని మొహాన నీళ్ళు కొట్టారు. ఆ రోజు పిల్లి బీపీ కాదు, పిల్లే కనబడలేదు. (నవ్వులు) ఈ సంగతి విని మా ఆవిడ, "ఆ గదేదో ఇంట్లో కూడా పెట్టండి, మీ నోరు కాసేపు మూతపడుతుంది" అంది.

ఈ మహారాణి వచ్చినప్పుడు గోడలకు గుద్దుకుంటూ తిరిగేది. బీపీ పెరిగి చూపు పోయింది. తెచ్చినవాళ్ళు మళ్ళీ ఇటు తొంగిచూడలేదు. మాత్రలు పడ్డాక చూపు సగం వచ్చింది. మాత్ర మానితే ఆ సగమూ పోతుంది. అదేమో నా చేత్తో తప్ప మింగదు! గుండెలు కోసి కుట్టిన పెద్ద డాక్టరు గారు చేపముక్కలో దాచి పెడితే, చేప తినేసి, మాత్రను శుభ్రంగా నాకి ఆయన బూటులో వదిలిపెట్టింది. బుగ్గన దాచుకుని బుద్ధిమంతురాలిలా కళ్ళు మూసుకుంటుంది కూడా. నాలుకతో ముక్కు నాకితేనే మింగినట్టు. ఇది తెలిసినప్పటి నుంచి, నేను బీపీ మాత్ర వేసుకున్నానంటే మా ఆవిడ "ఏదీ, ముక్కు నాకండి" అంటోంది. నా నాలుక అంతదూరం పోదు. అందుకని మా ఇంట్లో నేను రోజూ అబద్ధాలకోరునే.

మహారాణిని ఇంటికి తీసుకెళ్ళి చూశాను. కొత్త చోటు, దారి తెలియక బీరువా కింద దూరి తిండి మానేసింది. ఇక్కడైతే ప్రతి కుర్చీ కాలూ దానికి కంఠతా వచ్చు. కాబట్టి నేను వెళ్ళాలి, అది ఉండాలి. నా చోట్లోకి వచ్చే చిన్న డాక్టరమ్మ దాని చేత మింగించాలని ఎన్నాళ్ళుగానో తంటాలు పడుతోంది. ఒక్కసారీ ముక్కు నాకలేదు. మొదట్లో నాకు లోలోపల సంతోషంగానే ఉండేది, దాచుకోవడం ఎందుకు. ఇప్పుడు మాత్రం, రేపు దీని కళ్ళేం కావాలని గుండె దడదడలాడుతోంది.

ఇది దాని మాత్ర వేళ. చిన్న డాక్టరమ్మా, ఆఖరిసారి నా ఎదుట ప్రయత్నించమ్మా. మిగతావాళ్ళు ఫోన్లు ఆపి నేల మీద కూర్చోండి. అధ్యక్షా, తమరు కూడా. మోకాళ్ళు నొప్పా? మాస్టారి కుక్క ఎక్కింది నాలుగంతస్తులు, మీరు దిగలేరా? (నవ్వులు)

నేను అటు తిరిగి నిలబడతాను. నన్ను చూస్తే నా దగ్గరికే వస్తుంది. ఏమోయ్, మొదటి వరసలో ఉన్నావు కదా, నువ్వే చూసి చెప్పు.

(అందరూ నేల మీద కూర్చుంటారు)

లేచిందా? డాక్టరమ్మ ఒళ్ళోకా? తనంతట తానే? ...నోట్లో పెట్టిందా? బుగ్గ చూడమ్మా, బుగ్గ. అది మహా టక్కరిది.

(నిశ్శబ్దం)

ఏమంటున్నావు? గట్టిగా చెప్పు.

నాకిందా!

(చప్పట్లు)

చప్పట్లు కొట్టకండి, దాని బీపీ పెరుగుతుంది. నాదంటారా? నా మాత్ర ఇంటికెళ్ళి వేసుకుంటాను, మా ఆవిడ సాక్షి. కళ్ళలో తడా? ఏం లేదు, పిల్లి వెంట్రుక పడింది, అంతే. అందరికీ, ముఖ్యంగా చిన్న డాక్టరమ్మకు, ధన్యవాదాలు. మహారాణి లేచింది కాబట్టి నా కాగితాలు దొరికాయి. భయపడకండి, అంతా చదవను. చివరి మాట ఒక్కటే చదువుతాను. ఇందాకటిదాకా దీని మీదే పడుకుంది.

సెలవు.