దీనికి పెద్ద ఎవుడు, బాబూ?

మళ్ళీ మొదట్నించీ సెప్పాలా? ఇది మూడోసారండి ఎస్సై బాబూ. మొదటున్న ఎస్సైగోరికి సెప్పినాను, ఆయన బదిలీ అయిపోయినారు. ఆ తర్వాతాయనకి సెప్పినాను, ఆయనా ఎల్లిపోయినారు. ఇప్పుడు తవరొచ్చినారు. కుర్సీ అదే, ఫైలూ అదే. మడిసే మారతన్నాడు.

సరే, సెప్తాను. వద్దండి, కూకోను. బట్టలు సేపల వాసనొత్తాయి.

నా పేరు పోలిరాజు. జాలారిపేట. ఫిషింగ్ హార్బర్లో బోటు డ్రైవర్ని. ధనశ్రీ నా కూతురు. డిగ్రీ రెండో ఏడు సదువుతంది... సదివేది. ఆ మాట కాడే నాలిక తడబడతాది బాబూ.

సెల్లు నాదే. బోటు ఒడ్డుకి దగ్గర పడితే సిగ్నలొత్తాది, యాపారులు ఫోన్ సేసి రేటడుగుతారు. అందుకే కొన్నాను. మా పిల్ల కూడా కాలేజీలో ఆ నంబరే ఇచ్చింది. ఇంకో ఫోన్ ఎక్కడిది మాకు?

నిరుడు, ఓ పొద్దున, బోటు ఒడ్డుకొత్తంటే, యారాడ కొండ కనపడే ఏళకి ఫోన్ మోగింది. ఎవుడో కుర్రోడు. "రేటెంత?" అన్నాడు.

వంజరం సేపలకనుకున్నాను. సెప్పినాను బాబూ! సిన్నయ్యితే ఇంత, పెద్దయ్యితే ఇంత, హార్బరుకొచ్చి సూసుకో అన్నాను. వాడు పడీపడీ నవ్వినాడు. వాడి ఎనకాల ఇంకెవుడో నవ్వినాడు.

"సేపకి కాదు మావా, ధనశ్రీకి" అన్నాడు.

బోటు మీద మావోళ్ళందరూ నా మొకమే సూత్తన్నారు.

ఇంక ఆరోజు మొదలు. ఇజీనారం నించొకడు, హైదరాబాదు నించొకడు, తెలుగు రానోడొకడు. మా ఆవిడ సీతాలు ఓసారి ఎత్తీసింది. మళ్ళీ ఆ ఫోన్ ముట్టుకుంటే ఒట్టు.

పిల్లనడిగితే తెల్లబోయింది. నేస్తురాల్ని తోడు తీసుకుని మద్దిలపాలెంలో ఇంటర్నెట్ సెంటరుకెల్లి సూసుకుంది. స్నేహాలు కలుపుకునే పేజీలంట. అందులో ఎవుడో దీని పేర్న ఓ పేజీ తెరిసినాడు. కాలేజీ ఫంక్షన్లో ఓణీ ఏసుకున్న పొటో. కిందన నా నంబరు. దాని కిందన రాతలు. అయ్యేటో నాను సదవమన్నేదు, అది సదవనేదు.

ఇక్కడికే వచ్చినాం. ఇదిగో, ఈ కంప్యూటర్లోనే తెరిసినారు. తెరవగానే ఇద్దరు కానిస్టేబుల్లొచ్చినారు. ఎనకాలే టీ అట్టుకొచ్చినాయన. "పిల్ల బాగుంది" అన్నారొకరు. నా పిల్ల నా పక్కనే నిలబడుంది బాబూ!

తవర్ని అన్నేదు. తవరప్పుడు ఇక్కడ నేరు కదా.

పేజీ తెరిసినోడు ఎవుడో ఆ కంపెనీవోళ్ళే సెప్పాలంట. కంపెనీ బయటి దేశంలో ఉందంట. మా పిల్లే ఇంగిలీషులో రాసింది. రాసిందో నేదో, జవాబొచ్చీసింది! పొంగిపోయినాం. తీరా సూత్తే అది మిసను రాసిన జవాబంట. మీ పిర్యాదు మాకు చాలా ముక్యం అని. అందరికీ అదే ఒత్తాదంట.

ఎస్సైగోరు రాత్తే, కోర్టు కాయితం తెమ్మన్నారంట. మన కోర్టు కాదు, వాళ్ళ కోర్టు. ఇంటర్నెట్ లైనిచ్చినోళ్ళనడిగితే, మేం తీగ మట్టుకే ఏత్తాం, తీగలో ఏటి పోతాదో మాకేటి తెలుసన్నారు. అక్కడే కూకుని తెరిసినాడేమోనని ఇంటర్నెట్ సెంటరతన్నడిగితే, కుర్సీ అద్దెకిత్తాను, కూకున్నోడి బుద్ధి నాకెందుకన్నాడు. లాయరు భీమశంకరరావుగోరు, సట్టముందయ్యా అన్నారు. మరి ఎవుర్నడగాలండీ అంటే, కళ్ళజోడు తీసి తుడుసుకున్నారు.

మరి దీనికి పెద్ద ఎవుడు, బాబూ? మా పేటలో ఒకడి వలని ఇంకొకడి బోటు తెంపీసిందనుకోండి. సాయంత్రానికల్లా పెద్దలు కూకుంటారు. తప్పో ఒప్పో, ఓ మాట సెప్పి లేత్తారు. పెపంచకమంతా పరుసుకున్నదానికి, కూకుని మాట సెప్పే పెద్ద ఒక్కడూ నేడా?

ఇంటర్నెట్టుకి దేశాల గీతలుండవు పోలిరాజూ, అన్నారు రెండో ఎస్సైగోరు. నాకు నవ్వొచ్చింది. ఓపాలి ఇంజను పాడై మా బోటు బంగ్లా నీళ్ళల్లోకి కొట్టుకుపోయింది. నీళ్ళ మీద గీతుంటాదేటి? అయినా తెల్లారేసరికి తుపాకులట్టుకుని వచ్చీసినారు. పేరు, ఊరు, తండ్రి పేరు రాసుకుని జైల్లో ఎట్టీసినారు. అంత సముద్రంలో నన్ను పట్టుకున్నారు. నా పిల్ల పేరెట్టుకుని కుర్సీలో కూకున్నోడు మాత్రం దొరకడంట!

ఆఁ? నంబరు మార్సనేదా అంటారా? మార్సినాను బాబూ. పిల్ల మొకం ఎక్కడ మార్సను?

పేజీ తీసీసినారు, అబద్దమెందుకు. ఏసంగిలో తీసీసినారు. సీతాలు కొబ్బరికాయ కొట్టింది. వానలు పడకుండానే ఇంకో పేర్న వచ్చీసింది. అదే పొటో. ఈపాలి నంబరు నేదు, కాలేజీ పేరుంది.

ఇంక మా పిల్ల కాలేజీ గడప తొక్కనేదు. ఇప్పుడు రొయ్యల కంపెనీకెల్తంది, తలకాయలు తీసే పనికి. ఇంత సదివి అదేటమ్మా అన్నాను.

"అక్కడందరూ మొకాలకి గుడ్డ కట్టుకుంటారు నాన్నా" అంది.



అందుకే వచ్చినాను బాబూ. కేసు తీసీండి.

నిజమేనండి, తీసీండి. ఎంక్వైరీకని జీపు మా పేటలోకొత్తాది. ఎందుకొచ్చిందని ఎవుడో అడుగుతాడు. తెలీనోడికి తెలిసినోడు సెప్తాడు. ఆడు ఎల్లి పేజీ సూసొత్తాడు. నాయం కోసం తిరిగే కొద్దీ సూసేవోళ్ళే పెరుగుతన్నారు.

తవరు గట్టిగా పట్టుకుంటానంటే నాను కాదంటానా? ఇదివరకటాయనా అలాగే అన్నారు, మంచి మడిసి. అందరూ మంచోళ్ళే బాబూ. ఇంత తిరిగినాను, ఒక్క సెడ్డోడు తగల్నేదు నాకు. ఎవుడి పని వాడు సేసుకున్నాడు.

ఏటి? కారణం రాయాలా?

దొరకనేదని రాత్తే తవరికి మాటొత్తాది. కొత్తగా వచ్చినారు, వద్దు. కంపెనీ పలకనేదని రాత్తే, ఆ కాయితం ఇంకెక్కడెక్కడ తిరగాలో. ఇలగ రాసీండి: పిర్యాదు ఇచ్చినోడికే ఇష్టం నేదని. పోలిరాజుకే వద్దంట, అని రాసీండి. అప్పుడింక ఎవుర్నీ ఏటీ అడగక్కర్నేదు.

ఏలిముద్ర ఎక్కడెయ్యాలి?