యాన్ డాక్టరమ్మ తెప్పించిన కోపం

అధ్యక్షస్థానంలో ఉన్న వైద్యశాల డైరెక్టర్ పాన్ గారికీ, జిల్లా ఆఫీసు నుంచి శ్రమపడి వచ్చిన పెద్దలకూ, మూలికలు తూచేవాళ్ళకూ, సూదులు గుచ్చేవాళ్ళకూ, మా పింగ్‌చ్యావ్ ఊరి అమ్మలక్కలకూ, ఈ రోజు పదవీ విరమణ చేస్తూ 'ఇదేం వాగుతుందో' అన్నట్టు నా వైపే చూస్తున్న యాన్ మింగ్‌చ్యూ డాక్టరమ్మకూ నమస్కారాలు. నేను జోంగ్ ల్యాన్‌ఫెన్‌ని. పాత వంతెన దగ్గర టోఫు కొట్టు మాదే. నాకు వేదికల మీద మాట్లాడటం రాదు, వీధిలో అరవడం వచ్చు. ఆ సంగతి డాక్టరమ్మకి అందరికంటే బాగా తెలుసు. (నవ్వులు)

కాలేయ రోగులకు డాక్టరమ్మ చేసిన సేవ గురించి ఇందాకటి నుంచీ పెద్దలు చెబుతుంటే వింటున్నాను. బాగుంది. మన ఊళ్ళో ఎవరికీ దిగులు జబ్బు రాదు కదా, అందరికీ కాలేయమే వేడి చేస్తుంది. నిద్ర పట్టకపోతే కాలేయం, అన్నం సహించకపోతే కాలేయం, మొగుడితో మాట్లాడకుండా గోడ వైపు తిరిగి పడుకున్నా కాలేయమే. అందుకే పాన్ గారూ, మీ మేడ మీద మనసు జబ్బుల విభాగం అని బోర్డుతో డాక్టరమ్మ కూర్చునే రెండు గదులకి ముందు గుమ్మంలోంచి ఎవరూ రారు. కింద కాలేయం పేరుతో చీటీ రాయించుకుని, పెరటి మెట్లెక్కి అక్కడికి చేరతారు. మీకేమో ఆ గదులకి రోగులే లేరనిపించింది. డాక్టరమ్మ వెళ్ళగానే వాటిని ఒళ్ళు తగ్గించే సూదుల వాళ్ళకి ఇచ్చేస్తారని విన్నాను. ఆ విషయం మాట్లాడటానికే వచ్చాను. కంగారు పడకండి, టీ తాగండి, మెల్లగా వస్తాను.

నాకు కాలేయం వేడి చేయలేదు. నాకు దిగులు జబ్బు చేసింది. మైకులో చెబుతున్నాను, వెనకాల వినపడిందా? కారణం అడగకండి, ఉంటే నేనే చెప్పేదాన్ని. కొట్టు బాగానే నడిచేది. మాహ్‌జాంగ్ ఆట పిచ్చి తప్ప మా ఆయన దెషున్‌కి వంక పెట్టడానికి లేదు. అయినా ఒక చలికాలం సోయా గింజలు రుబ్బడానికి లేచినదాన్ని, మర ముందు కూర్చుని ఏడ్చి, మళ్ళీ వెళ్ళి పడుకున్నాను. వసంతం వచ్చినా లేవలేదు. “నీకేం తక్కువే?” అని చుట్టాలందరూ వచ్చి అడిగి వెళ్ళారు. చచ్చిపోతే బాగుండునని రోజూ అనుకునేదాన్ని. ఈ మాట మా ఆయనకి కూడా ఇప్పుడే తెలుస్తోంది.

మా అత్తయ్యే డాక్టరమ్మను బతిమాలి ఇంటికి తీసుకొచ్చింది. ఆవిడ రెండు చేతుల నాడీ చూసి, నాలుక చూసి, కషాయం రాసిచ్చారు. అక్కడొచ్చింది చిక్కు. కషాయం కాచిన పిప్పిని రోడ్డు మీద పోయాలి, నడిచేవాళ్ళు తొక్కితే జబ్బు వాళ్ళ కాళ్ళ వెంట వెళ్ళిపోతుందని కదా మన పెద్దవాళ్ళ నమ్మకం. కానీ మన వీధి ముసలమ్మలు ఆ పిప్పిని కాలితో ఒకసారి కెలికి, ఎవరింట్లో ఏ జబ్బో ఇట్టే చెప్పేస్తారు. దిగులుకి వేసే బెరడు కనపడిందంటే ఇక పరువు పోయినట్టే. అందుకని అత్తయ్య దాన్ని సోయా పిప్పిలో కలిపేసి పందులకి పెట్టింది. ఆ ఏడాది మా పందులంత నిమ్మళంగా ఊళ్ళో ఎవరూ లేరు. (నవ్వులు)

పందులు కుదుటపడ్డాయి కానీ నేను లేవలేదు. ఆలోచనల్లో కూరుకుపోయిన మనిషికి కోపం తెప్పించడం మన పాత వైద్యంలో ఒక పద్ధతట. అదంతా నాకు తర్వాత తెలిసింది. ఒకరోజు పొద్దున్నే డాక్టరమ్మ కొట్టుకొచ్చి, మా ఆయన చేసిన టోఫు గిన్నెలో పెట్టించుకుని, సరిగ్గా నా కిటికీ కింద స్టూలు వేసుకుని కూర్చున్నారు.

“ఏమయ్యా దెషున్, ఇది టోఫునా, గోడకి కొట్టే సున్నమా?”

“మెల్లగా అనండి డాక్టరమ్మా, పైన ఆవిడ వింటుంది.”

“విననీ. మీ ఆవిడ చేసినప్పుడు మాత్రం ఏం గొప్పగా ఏడ్చింది? మీ అమ్మ చేతి విద్య మీ అమ్మతోనే ఆగిపోయింది. రేపట్నుంచి నేను ఎదురుకొట్టు గెంగ్ దగ్గరే తింటాను.”

గెంగ్ అన్న ఇక్కడే ఉన్నాడు. మనిషి బంగారం. టోఫు మాత్రం, ఏమీ అనుకోకు అన్నా, గరిటెతో ఎత్తితే నీళ్ళే వస్తాయి. (నవ్వులు) ఆ మాట వినేసరికి నాకు ఒళ్ళు మండిపోయింది. దువ్వని జుట్టుతో, ఒంటికాలి చెప్పుతో, కారం గరిటె పట్టుకుని వీధిలోకి దిగాను. “నా టోఫుని సున్నంతో పోలుస్తావా? జబ్బు నీ నాలుకకే చేసింది, ముందు అది చూపించుకో పో” అని మొదలుపెట్టాను. మిగతాది చెప్పను, జిల్లా పెద్దలున్నారు. వీధి వీధంతా గుమిగూడింది. డాక్టరమ్మ తొణక్కుండా గిన్నె ఖాళీ చేసి, మూతి తుడుచుకుని, గరిటె ఉన్న నా చెయ్యే పట్టుకుని నాడి చూశారు.

“ఇంకా తిట్టమ్మాయ్, ఆపకు. లోపల బిగుసుకున్నది కదులుతోంది” అన్నారు.

దాంతో జబ్బు మాయమైందని ఎవరూ అనుకోకండి. మర్నాడు మళ్ళీ పడుకున్నాను. అయితే నేను లేవగలనని నాకూ తెలిసింది, వీధికీ తెలిసింది. డాక్టరమ్మ నన్ను చెంగ్డూ నగరంలో మానసిక వైద్యుడి దగ్గరికి కూడా పంపించారు. “ఆయన మాత్రలు, నా కషాయం, సూదులు, నన్నడక్కుండా దేన్ని మానేసినా ఈసారి నిజంగానే గెంగ్ దగ్గర తింటాను” అని బెదిరించారు. ఆ పెరటి మెట్లు నేనూ ఎక్కుతూ, పడుతూ లేస్తూ ఏడాది గడిచాక మళ్ళీ మర తిప్పాను. ఇవాళ ఈ సభలో మీరు తిన్న టోఫు నేను చేసిందే. బతికి ఉన్నాను, చూడండి, మైకు పట్టుకుని మీ అందరి ముందూ గొంతు చించుకుంటున్నాను. (చప్పట్లు)

ఇప్పుడు అసలు మాట. పాన్ గారూ, డాక్టరమ్మ తయారుచేసిన చిన్న డాక్టరు ఉండగా ఆ గదులు ఎందుకివ్వాలి? ఆ రెండు గదుల్లో వైద్యం చేయించుకున్నవాళ్ళు ఈ హాల్లో ఎవరైనా ఉంటే దయచేసి లేచి నిలబడండి. నేను ఎలాగూ నిలబడే ఉన్నాను.

పర్వాలేదు, తొందరేం లేదు. ఆ, గెంగ్ అన్నా, నువ్వా? నిలబడు, నిలబడు. నీ టోఫు గురించి అన్న మాట వెనక్కి తీసుకోను కానీ, నువ్వు నా అన్నవి. బడి పంతులమ్మగారూ, మీరూనా. పడవ నడిపే తాతా. జిల్లా ఆఫీసు అయ్యగారూ, మీకు బయటికి దారి అటు... ఓ, వెళ్ళడానికి లేవలేదా. క్షమించండి, అలాగే నిలబడండి. అత్తయ్యా, మీరెందుకు లేస్తున్నారు? మోకాళ్ళు నొప్పి, కూర్చోండి.

(ఎవరో అత్తగారి చేతికి మైకు అందించారు.)

“మోకాళ్ళకేం కాలేదే. మీ మామయ్య చనిపోయిన ఏడాది నేనూ ఆ పెరటి మెట్లెక్కాను. నువ్వు మంచం పట్టినప్పుడు ఎవర్ని పిలవాలో నాకెలా తెలిసిందనుకున్నావు?”

“మరి నాతో ఒక్క మాట అనలేదేం అత్తయ్యా?”

“సిగ్గేసింది. గోడకి అవతల నువ్వు ఏడుస్తుంటే ఇవతల కూర్చుని విన్నాను, నాకూ వచ్చి తగ్గిందే అని చెప్పడానికి నోరు రాలేదు. ఇప్పుడు చెబుతున్నాను. పాన్ బాబూ, ఆ గదులు ఎవరికీ ఇవ్వకు. నువ్వు సరే అనేదాకా నేను కూర్చోను.”

(హాలంతా చప్పట్లు. డైరెక్టర్ పాన్ లేచి సరేనన్నారు.)

విన్నారుగా, సరేనన్నారు. డాక్టరమ్మా, మీరు నిశ్చింతగా ఇంటికి వెళ్ళండి, మీ గదులు మేము చూసుకుంటాం. పాన్ గారికీ, నిలబడిన ప్రతి ఒక్కరికీ కృతజ్ఞతలు. ఇంకా చాలా చెబుదామనుకున్నాను కానీ మా అత్తయ్య అక్కడ నిలబడి ఏడుస్తోంది, నేను ఆవిడ పక్కకి వెళ్ళాలి. సెలవు.