ఐదుగురిలో ఇద్దరు

లోఫోటెన్ దీవుల దగ్గర ఆ పొద్దున తుఫానులో చేపల పడవ ఒకటి మునిగిపోతోంది. ఉన్న ఐదుగురిలో ఇద్దర్ని హెలికాప్టర్ పైకి లాగిందని కబురొచ్చింది గానీ పేర్లు తెలియలేదు. తన కొడుకులిద్దరూ ఆ పడవలోనే ఉన్న తల్లి వంటింట్లో ఫోను ముందు కూర్చుంది. బడిలో లెక్కలు చెప్పే పెద్దకోడలు ఎదురుగా నిలబడి ఉంది.

“ఆ ఇద్దరూ మనవాళ్ళే అయ్యే వీలెంత, అమ్మాయ్?”

“ఇప్పుడు లెక్కలెందుకత్తయ్యా.”

“చెప్పు. ఊరికే కూర్చోలేకపోతున్నాను.”

“ఐదుగురిలోంచి ఇద్దర్ని పది రకాలుగా ఎంచొచ్చు. అందులో మన జంట ఒక్కటే.”

“మనవాళ్ళు ఎవరూ లేనివి?”

“మూడు.”

“మరి మిగతా ఆరు?”

కోడలు కిటికీ వైపు తిరిగింది. “మనవాళ్ళలో ఒక్కరే వస్తారు.”

“ఎవరు?”

“చెరో మూడు. లెక్కకి ఇద్దరూ సమానమే.”

“లెక్కకేం తెలుసు. ఐవిన్ తమ్ముణ్ణి వదిలేసి ముందు ఎక్కే మనిషి కాదు.”

“ఆయనతో కాపురం చేస్తున్నదాన్ని, నాకు తెలీదా? అందుకే లెక్క వద్దన్నాను.”

ఫోను మోగింది. అత్తగారు విని పెట్టేసి, కోడలి మొహం చూడలేక తల దించుకుంది.

“సిగుర్ వస్తున్నాడట. అతనితో ఎక్కిన రెండో మనిషి పడవలో వంటవాడట. వాళ్ళని రేవులో దించి, మిగతావాళ్ళ కోసం హెలికాప్టర్ మళ్ళీ వెళ్తుందట.”

“మీ అబ్బాయి బతికాడు. సంతోషించండత్తయ్యా.”

“నీ మొగుడు కూడా వచ్చాక.”

“కోటు వేసుకోండి, రేవుకి పోదాం. సిగుర్ దిగగానే ముందు నా మొహమే చూస్తాడు. అన్నని వదిలొచ్చానని వాడు అనుకోకూడదు.”