దివాణం వంటోడు తోమిన కుండ

తవిటయ్యని ఒక వంటోడుండేవోడంట. వంటోడంటే పెళ్ళిళ్ళకి వండేవోడనుకునేరు, కాదు, దివాణంలో జమీందారుగారికి ఇరవై యేళ్ళు వండినోడు. ఆడి చెయ్యి పడితే మంచినీళ్ళకి కూడా రుచొచ్చేదంట. మరలాంటోడికి ఏటైందంటే, ఓనాటి నుంచి తిండి సయించడం మానీసింది. నెయ్యి వాసన తగిల్తే ముక్కు మూసీసుకోడం, పోపు చిటపటమంటే మొహం తిప్పీసుకోడం. ఉప్పు సరిపోయిందో లేదో కూడా తెలీదు. వంటోడికి నాలిక పోతే ఇంకేటుందర్రా? దివాణంలో సెలవు పుచ్చుకుని, మూట కట్టుకుని, పుట్టినూరొచ్చీసినాడు. ఊళ్ళో ఎవులున్నారంటే, మేనత్త పారమ్మ. తల్లీ తండ్రీ పోతే ఎత్తుకుని పెంచింది ఆవిడే. ఆడికి ఈ భూమ్మీద నా అన్న మనిషి ఆ అత్త ఒక్కర్తే అనుకో.

పారమ్మ ఆడి మొహం చూసి, ఏటిరా ఇలగ పీక్కుపోనావు, అంత దివాణంలో నీకు తిండి పెట్టరేటి, అని మూలనున్న తరవాణి కుండలోంచి ఇంతన్నం దేవి, ఉల్లిపాయ నలిపి, పచ్చిమిరపకాయ పెట్టిందంట. తరవాణంటే మీకు తెలుసు కదా, పూటపూటా వార్చిన గంజి ఆ కుండలో పోస్తా ఉంటే పులిసి పులిసి అదో రుచొస్తది, అందులో అన్నం నానేస్తే పొద్దున్నకి చలవగా పుల్లగా ఉంటది. తవిటయ్య ఒక ముద్ద తిన్నాడు, రెండు తిన్నాడు, ఇంక తలెత్తలేదు. పైన మూడు ముంతలు తాగీసి అరుగు మీద పడుకుంటే మర్నాడు పొద్దెక్కీదాకా లెగలేదంట. లెగిసి, అత్తా, నా నాలిక నాకొచ్చీసిందే, అని చిన్నపిల్లోడి లాగ ఏడిసీసినాడు. ఆవిడ నవ్వి, ఇది మా అత్త చేతి పులుపురా, నాను కాపరానికొచ్చినప్పుడు ఇచ్చింది, నలబై యేళ్ళై దీన్ని ఎండనివ్వలేదు, అందంట.

ఇలగుండగా నాలుగోరోజున ఏటైందంటే, పారమ్మ కూతురికి నొప్పులొచ్చినాయని పక్కూరి నుంచి కబురొచ్చింది. ఆవిడ హడావిడిగా బయల్దేరతా, ఒరే తవిటీ, నానొచ్చీ వరకూ కుండ చూసుకో, గంజి పోస్తా ఉండు, ఇంకేటీ చెయ్యకు, అందంట. ఇంకేటీ చెయ్యకంటే ఊరుకునే జాతా వంటోళ్ళ జాతి? దివాణంలో పద్ధతేటంటే, వంటవగానే గిన్నెలన్నీ మొహం కనపడీలాగ తోమి బోర్లించాల. కాస్త మసున్నా, కాస్త వాసనున్నా పెద్దవంటోడు ఊరుకోడు. ఆ కుండ చూసినాడు తవిటయ్య. నల్లగా, జిడ్డుగా, పుల్ల వాసన. పాపం అత్త ముసల్దైపోయింది, తోముకోలేకపోతంది, పులుపుకేటి, గంజి పోస్తే మళ్ళీ అదే వస్తది, అనుకున్నాడంట! కుండెత్తి ఉన్నదంతా అరటి మొదట్లో పారబోసి, బూడిదేసి, పీచెట్టి, లోపలా బయటా తోమి తోమి ఎండలో బోర్లించీసినాడు. నవ్వకండర్రా, ఆడు మంచి చేద్దామనే చేసినాడు.

తరవాత గంజి వార్చి పోసినాడు, అన్నం వేసినాడు, మర్నాడు పొద్దున్న తిందామని కూకుంటే ఏటుంది? నీళ్ళల్లో అన్నం. అప్పుడు తెలిసిందంట ఏటి చేసినాడో. నలబై యేళ్ళ పులుపు అరటిచెట్టు తాగీసింది. అత్తొస్తే ఏటి చెప్పాల, తల్లి లాగ పెంచిన మనిషి మొహం ఎలగ చూడాల? దివాణం విద్యలన్నీ బయటికి తీసినాడు. చింతపండు పిసికినాడు, నిమ్మకాయ పిండినాడు, మజ్జిగ కలిపినాడు. పులుపొస్తంది గానీ ఆ పులుపు కాదు.

ఇంక సిగ్గొదిలీసి చెంబట్టుకుని ఊరి మీద పడ్డాడు. అమ్మా దాహమేస్తంది, కాసింత తరవాణి పొయ్యండమ్మా, అని ఇంటింటికీ. దివాణం వంటోడు మనింటి తరవాణి అడిగినాడని ఆళ్ళకి సంబరం. ఒకింట్లో వాము వాసన, ఒకింట్లో దబ్బాకు, ఒకింట్లో చోళ్ళు, అదే రాగుల పిండి కలిపినారు, ఇంకోళ్ళది పొయ్యి పక్కనుండి పొగ పట్టింది. ఏ ఇంటి పులుపు ఆ ఇంటిదే. ఓరి నాయినో, ఎక్కడెక్కడి వంటలో నేర్చుకున్నాను గానీ నా ఊళ్ళో ఇన్ని రుచులున్నాయని తెలీదే, అని ఒక పక్క సంతోషం, ఒక పక్క ఏడుపు. పొట్ట కుండంతయ్యింది గానీ అత్త రుచి దొరకలేదు. మిగిలింది ఒక్కిల్లు. ఎవులిది? గున్నమ్మది. గున్నమ్మెవులు? పారమ్మ తోడికోడలు, పెరటి గోడకి అటేపిల్లు. పనసచెట్టు నీదా నాదా అని మాటా మాటా వచ్చి ఆళ్ళిద్దరికీ తొమ్మిదేళ్ళై మాటల్లేవు. ఆ గుమ్మం తొక్కితే అత్త చంపీస్తది, తొక్కకపోతే కుండ చచ్చిపోద్ది. ఏటి చేస్తాడు, తొక్కినాడు. చిన్నత్తా, కాసింత తరవాణి, అన్నాడు. ఒక్క గుక్క నోట్లో పడిందో లేదో, అదే! అచ్చంగా అదే! మరి ఈవిడకీ ఇచ్చింది ఆ అత్తగారే కదర్రా. తవిటయ్య కాళ్ళట్టీసుకుని జరిగిందంతా చెప్పీసినాడు. గున్నమ్మ మూతి ముడిచి, చెంబు నిండా పోసి, నానిచ్చినానని దానికి తెలిసిందో, నీ వీపు పగిలిపోద్ది, పెరటి దారినపో, అందంట.

వారం పోయాక పారమ్మొచ్చింది. మనవరాలు పుట్టిందని చెప్పి, కాళ్ళు కడుక్కుని, ముందు ముంతెడు తరవాణి పొయ్యరా అంది. తవిటయ్య పోసి, ఆవిడ మొహంకేసే చూస్తన్నాడు. ఆవిడ తాగింది. త్రేన్చింది. హమ్మయ్య అనుకున్నాడు ఈడు. అప్పుడావిడ కుండేపు చూసి, ఒరే, కుండేటి కొత్తపెళ్ళికూతురి లాగ మెరిసిపోతంది, అందంట! ఇంకేటి దాస్తాడు? అత్తా, తోమీసినానే, కొట్టు, తిట్టు, ఇంట్లోంచి మాత్రం గెంటీకు, చిన్నత్త కాడ తెచ్చి పోసినాను, అని బావురుమన్నాడు. పారమ్మ కొంగు నోట్లో కుక్కుకుని నవ్వడం మొదలెట్టింది. పిచ్చి సన్నాసీ, మూడేళ్ళ కిందట పిల్లి తన్నీసి నా కుండ బద్దలైపోతే నాను మాత్రం ఎక్కడ తెచ్చినాననుకున్నావు? ఆ పెరటి గోడ మీంచి చెంబు జాపినాను. నిరుడు దాని కుండ పాడైపోతే అదీ జాపింది, అంది. తవిటయ్య కళ్ళు తుడుచుకుని, మరి మీకు మాటల్లేవు కదత్తా, అన్నాడు. మాటల్లేవురా, చెంబు జాపడానికి మాటెందుకు, అందంట.

అప్పుడు తవిటయ్య గుండె కుదుటపడి, అత్త ముందర కూకుని కడుపారా తిన్నాడు. మరి ఆ తోడికోడళ్ళు కలిసిపోనారా అనడుగుతారు మీరు. కలవలేదు, బతికున్నన్నాళ్ళూ మాటాడుకోలేదంట. నమ్మకం లేదేటి? అలాంటోళ్ళు ఇద్దరు ఈ వీధిలోనే ఉన్నారు. పేర్లు మాత్రం అడక్కండి, రేప్పొద్దున్న నాకు తరవాణి పోసీది ఆళ్ళే.